రిపోర్టుకూ డాక్టరుకూ నడుమ

తిరుపతిలో అలిపిరి దగ్గర కొండ కింద ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. టీటీడీ ఇచ్చిన స్థలంలో, టాటా ట్రస్టుల అండతో అలమేలు చారిటబుల్ ఫౌండేషన్ కట్టించింది. 2018లో శంకుస్థాపన జరిగింది, 2022 మేలో తలుపులు తెరిచారు. శ్రీ వేంకటేశ్వర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ కేర్ అండ్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ అన్నది దాని పూర్తి పేరు. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంటుంది? ఆటో ఎక్కి "టాటా ఆసుపత్రికి పోనీ నాయనా" అంటారు. ఆ మాటలో ఒక వెసులుబాటు కూడా ఉంది: క్యాన్సర్ అన్న మాట నోట రాకుండా పని జరిగిపోతుంది.

ఇలాంటి ఆసుపత్రుల మెట్లెక్కే ఆడవాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు. ఊళ్లో శిబిరం పెడితే పరీక్ష చేయించుకుని, రిపోర్టులో ఏదో తేడా ఉందంటే చూపించుకోవడానికి వచ్చేవాళ్లు కొందరు. స్విమ్స్ ఆసుపత్రి వారి పింక్ బస్సు పల్లెలకు వెళ్లి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తుంటుంది. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏఎన్ఎంలను, ఆశాలను ఇంటింటికీ పంపి అనుమానం ఉన్నవాళ్లను గుర్తించే పని మొదలుపెట్టింది. మంచి పనే. దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి పరీక్ష చేయించుకోండమ్మా అని గోడల మీద రాస్తున్నాం, మైకుల్లో చెబుతున్నాం. చేయించుకున్నాక తేడా ఉందని తేలినావిడ ఆ రాత్రి ఎలా నిద్రపోవాలో మాత్రం ఏ గోడ మీదా రాయలేదు.

ఆ రాత్రి సంగతే ఇక్కడ చెప్పుకుందాం. ముందుగా ఒక మాట. రిపోర్టు చూసిన మనసు గంటలు లెక్కపెడుతుంది. ముఖద్వారంలో మార్పులు ముదరడానికి మాత్రం ఏళ్లు పడతాయి. ఈ రెండు లెక్కలు కలవకపోవడంలోనే సగం బాధ ఉంది. మన జిల్లాల్లో చాలామంది చేసే రెండు పొరపాట్లూ అక్కడే పుడతాయి. భయపడి డాక్టరు గడప తొక్కకపోవడం ఒకటి. భయపడి ఏకంగా గర్భసంచి తీయించేసుకోవడం రెండోది.

ఊళ్లో చేసే పరీక్ష చాలా వరకు ఇలా ఉంటుంది. మూడు నుంచి అయిదు శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటి పలచని ద్రావణం, దూదితో ముఖద్వారం మీద రాస్తారు. ఒక నిమిషం ఆగి మంచి వెలుతురులో చూస్తారు. ఎక్కడైనా తెల్లగా, దట్టంగా మచ్చ తేలితే 'పాజిటివ్' అని రాస్తారు. క్యాన్సర్ ఉందని దాని అర్థం కాదు. మామూలు ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పుండు మానుతున్నా, కణాలు సహజంగా మారే దశలో ఉన్నా అక్కడ తెల్లబడవచ్చు. మన వైపు ఆడవాళ్లకు ఈ పని బాగా తెలిసిందే: వేరుశెనగ గింజలు చెరిగేటప్పుడు అనుమానంగా కనబడినవన్నీ ముందు పక్కకు తీస్తాం. పక్కకు తీసినవన్నీ పుచ్చులు కావు. తీరిగ్గా కూర్చుని వాటిని మళ్లీ ఏరాలి. మొదటి పరీక్ష చెరగడం వరకే.

పక్క రాష్ట్రంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం అంకెలు చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000లో మొదలుపెట్టి 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు ఇదే ఎసిటిక్ యాసిడ్ పరీక్ష చేశారు. ఫలితాలు 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పరీక్షకు వచ్చినవాళ్లు 31,343 మంది. అందులో 3,088 మందికి పాజిటివ్ వచ్చింది. అంటే పదిమందిలో దాదాపు ఒకరికి. మరి క్యాన్సర్ ఎంతమందికి? పరీక్షకు పిలిచిన ఊళ్లన్నిటిలో, పిలిచినా రానివాళ్లను కూడా కలుపుకుని, ఆ తర్వాతి ఏళ్లన్నీ లెక్కేసినా 167 మందికి. పాజిటివ్ అన్న మాటకూ క్యాన్సర్ అన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే కనబడుతుంది. పరీక్షలు జరిగిన ఊళ్లలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్లు మిగతా ఊళ్లతో పోలిస్తే 35 శాతం తగ్గారు.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాన్ని జనం పెద్దగా పట్టించుకోరు. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్నాయని తేలిన 1,874 మందిలో చికిత్స తీసుకున్నవాళ్లు 72 శాతమే. మిగతావాళ్లు ఏమయ్యారు? ఇంట్లో పనులు అడ్డం వచ్చి ఉండొచ్చు, మొగుడు వద్దని ఉండొచ్చు, భయం కాళ్లకు అడ్డం పడి ఉండొచ్చు. ఏ నొప్పీ లేదు కదా, ఇప్పుడెందుకులే అనుకున్నవాళ్లూ ఉంటారు.

పట్నంలో చేయించుకున్నవాళ్ల చేతికి పాప్ స్మియర్ రిపోర్టు వస్తుంది. అది ఇంగ్లీషు పొట్టి అక్షరాల పుట్ట. ఎక్కువమందికి కనబడేది 'ఇన్‌ఫ్లమేటరీ స్మియర్' అన్న మాట. వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయని చెప్పడమే అది. తెల్లబట్ట సమస్య ఉంటే మందులిస్తారు, అంతే. 'ఏఎస్‌సీ-యూఎస్' అని ఉంటే కణాలు కొంచెం వేరుగా ఉన్నాయి, ఎందుకో తేల్చి చెప్పలేమని ల్యాబ్ వాళ్లు నిజాయతీగా ఒప్పుకున్నట్టు. అప్పుడు ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో పరీక్ష చేస్తారు, లేదా ఏడాది తర్వాత మళ్లీ స్మియర్ తీస్తారు. 'ఎల్‌ఎస్‌ఐఎల్' తక్కువ స్థాయి మార్పు, అందులో ఎక్కువ భాగం వాటంతట అవే సర్దుకుంటాయి. 'హెచ్‌ఎస్‌ఐఎల్' అని ఉంటే మాత్రం ఏడాది ఆగే మాట లేదు, కొద్ది వారాల్లో కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని భూతద్దం లాంటి యంత్రంతో చూసే పరీక్ష, చేయించుకోవాలి. అయినా అది కూడా క్యాన్సర్ ఉందని చెప్పే మాట కాదు.

బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చేస్తే మార్పు తీవ్రతను బట్టి సీఐఎన్ ఒకటి, రెండు, మూడు అని అంకె పెడతారు. ఒకటిని చాలాసార్లు ఊరికే గమనిస్తూ ఉంటారు. మూడు పెద్దదే. అది కూడా ఎంత నిదానంగా ముదురుతుందో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక అన్యాయం వల్ల ప్రపంచానికి తెలిసింది. ఆక్లాండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో 1960ల్లో ఒక డాక్టరు ఈ మార్పులు క్యాన్సర్‌గా మారవని పట్టుబట్టి, కొందరు ఆడవాళ్లకు సరైన చికిత్స ఇవ్వకుండా ఊరికే చూస్తూ ఉండిపోయాడు. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. 1987లో ఇద్దరు మహిళలు పత్రికలో బయటపెడితే ప్రభుత్వం విచారణ జరిపించింది. తర్వాత పరిశోధకులు ఆ కేసులన్నీ తిరగేసి 2008లో లెక్క చెప్పారు: సీఐఎన్ మూడు ఉండి సరైన చికిత్స అందనివాళ్లలో 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స అందినవాళ్లలో ఒక శాతం కూడా లేదు. ఆ ఆడవాళ్లకు జరిగినది ఘోరం. వాళ్ల బాధలోంచి వచ్చిన ఈ లెక్క ఈరోజు రిపోర్టు పట్టుకున్న మనిషికి రెండు సంగతులు చెబుతుంది: రెండు వారాల్లో కొంప మునగదు, కానీ ఏళ్ల తరబడి వదిలేయనూ కూడదు.

ఇక అందరికన్నా ఎక్కువగా నలిగేది హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినావిడ. ఎందుకంటే అది శారీరక సంబంధం ద్వారా సోకే వైరస్ అని నర్సు చెప్పేస్తుంది, మిగతాది ఇంట్లోవాళ్ల ఊహకు వదిలేస్తుంది. ఆ మాట విన్న మొగుడు ఒకలా చూస్తాడు, అత్త ఇంకోలా చూస్తుంది. లేదంటే ఆవిడే మొగుడి మీద అనుమానం పెంచుకుని లోపల్లోపల కుమిలిపోతుంది. బ్రిటన్‌లో 2004లో అచ్చయిన ఒక పరిశోధన ఈ సంగతి మీదే జరిగింది. స్మియర్ మామూలుగా ఉన్నా సరే, హెచ్‌పీవీ ఉందని తెలిసిన ఆడవాళ్లలో ఆందోళన ఎక్కువగా కనిపించింది. దాంపత్యం గురించి మనసు చెడిందని చెప్పినవాళ్లు మూడో వంతు దాకా ఉన్నారు. అక్కడే అలా ఉంటే, భార్యాభర్తలు ఇలాంటివి పేరు పెట్టి మాట్లాడుకోని మన ఇళ్లలో ఎలా ఉంటుందో చెప్పాలా?

అసలు సంగతి ఇది. పెళ్లయి కాపురం చేస్తున్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగిలే ఉంటుంది. జలుబులా ముక్కు కారదు, జ్వరం రాదు, కాబట్టి తెలియదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్లలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని అణచేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి కనబడకుండా ఉండి తర్వాత బయటపడుతుంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పగల పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి ఈ రిపోర్టు ఎవరి శీలానికీ సాక్ష్యం కాదు, భార్యదైనా, భర్తదైనా. ఇంట్లో ఆ మాట ఆవిడ నోటితో చెప్పడం కష్టమనిపిస్తే, ఆయన్నీ ఒకసారి వెంట రమ్మని డాక్టరు చేతే చెప్పించడం మేలు. ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం హెచ్‌పీవీ 16, 18 రకాలు. వీటికీ జబ్బుకూ ఉన్న లంకె పట్టుకున్న జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మీ రిపోర్టులో 16, 18 అని ఉంటే నేరుగా కాల్పోస్కోపీకి పంపుతారు. వేరే రకమైతే ఇంకో పరీక్ష చేసి చూస్తారు, లేదా ఏడాది తర్వాత మళ్లీ రమ్మంటారు.

కాల్పోస్కోపీ అన్న పేరు వినగానే కత్తులూ కటార్లూ గుర్తొస్తాయి. గదిలో జరిగేది తెలిస్తే సగం భయం పోతుంది. బల్ల మీద పడుకోబెట్టి, ప్రసవం పరీక్షకు చేసినట్టే కాళ్లు ఎడంగా పెట్టిస్తారు. దారి తెరిచి ఉంచే ఒక సాధనం పెడతారు, అది చల్లగా, కాస్త బిగువుగా ఉంటుంది. కాల్పోస్కోపు ఒంటికి తగలదు, బయట స్టాండు మీద ఉండే భూతద్దం లాంటి యంత్రం అది. మళ్లీ ఎసిటిక్ యాసిడ్ రాస్తారు, కొంచెం చురుక్కుమంటుంది. తర్వాత గోధుమ రంగు అయోడిన్ రాస్తారు, బట్టలకు మరక అంటుతుంది కాబట్టి పాత చీరో నైటీనో కట్టుకోవడం మంచిది. అనుమానం ఉన్న చోట బియ్యపు గింజంత ముక్క తీస్తారు. గిల్లినట్టుంటుంది, పొత్తికడుపులో ముట్టునొప్పి లాంటిది వచ్చి పోతుంది. మొత్తం పది నుంచి ఇరవై నిమిషాల పని. రెండు మూడు రోజులు కొంచెం రక్తం మరక కనబడవచ్చు, ప్యాడు పెట్టుకుంటే చాలు. ముట్టు లేని రోజుల్లో వెళ్లాలి. గర్భం ఉంటే ముందే చెప్పాలి. లోపల పెట్టుకునే మందులు గానీ, కలయిక గానీ అంతకు ముందు ఒకటి రెండు రోజులు వద్దు.

"ముక్క తీస్తే పాకుతుందంట కదమ్మా?" ఈ ప్రశ్న అడగని పల్లె లేదు. పాకదు. ముక్క తీశాక జబ్బు బయటపడినవాళ్లను చూసి, ముక్క తీసినందుకే వచ్చిందని జనం ముడిపెట్టారు. ముదిరిన జబ్బుతో వచ్చినవాళ్లకు బయాప్సీ చేసిన కొన్నాళ్లకే ప్రాణం పోవడం ఆ నమ్మకాన్ని గట్టిపరిచింది. "మా పిన్నమ్మకు కూడా ఇట్లే ముక్క తీసినారు, ఆరు నెల్లు కూడా బతకలే" అనే పొరుగావిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ పిన్నమ్మకు రక్తస్రావం మొదలయ్యాక ఎన్నాళ్లకు ఆసుపత్రికి తీసుకెళ్లారన్న సంగతి ఆ కథలో ఉండదు.

ఇక మనసు సంగతి. రిపోర్టు వచ్చాక చాలామందికి ఒకటే తంతు: రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీసి వీడియోలు చూడటం, ఒంట్లో ప్రతి నొప్పినీ దీనికే అంటగట్టడం, పిల్ల పెళ్లి ఎవరు చేస్తారని ఏడవడం. వద్దనుకుంటే ఆగే ఆలోచనలు కావవి. మానసిక వైద్యులు వాడే ఒక ఉపాయం ఉంది, వినడానికి వింతగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. దిగులుకు ఒక వేళ కేటాయించడం. సాయంత్రం అర్ధగంట అనుకోండి. ఆ వేళ కూర్చుని దిగులు పడేదంతా పడాలి, నోటుపుస్తకంలో రాయాలి. మిగతా పొద్దంతా ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా సాయంత్రం చూద్దాంలే అని పక్కన పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు కుదరదు. తర్వాత అలవాటవుతుంది. గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరి తీసుకున్న దానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదలడం కూడా ఒంటిని కాస్త తేలికపరుస్తుంది. పనికి పోకుండా మంచం పట్టడం మాత్రం దిగులుకు మేత వేయడమే.

ఆ రాసుకున్నదే డాక్టరు దగ్గరికి పనికొస్తుంది. నాకు చేసిన పరీక్ష ఏది, వచ్చిన మార్పు ఏ స్థాయిది, తర్వాతి పరీక్ష ఏ తేదీకి, అప్పటిదాకా ఆగితే ఏమవుతుంది: ఈ నాలుగింటికి జవాబు రాబట్టుకుంటే చాలు. గదిలోకి వెళ్లగానే నోరు ఎండిపోయి అన్నీ మర్చిపోతాం, అందుకే కాగితం. వెంట ఒకరుండాలి. అందరికీ చెప్పక్కర్లేదు. మాట మనసులో దాచుకునే చెల్లెలో, వదినో, కూతురో ఒక్కరు చాలు.

తిరుపతిలో ఉండి ఏడుకొండలవాడికి మొక్కుకోవద్దని ఎవరికి చెప్పగలం? చెప్పక్కర్లేదు కూడా. మొక్కు మనసుకు పట్టు ఇస్తుంది. చిక్కంతా మొక్కు తీరాకే డాక్టరు అని వాయిదా వేయడంలో ఉంది. ఇంటి నుంచి బయల్దేరిన రోజునే ఆసుపత్రి ఓపీ చీటీ కూడా తీసుకుంటే స్వామి ఏమీ అనుకోడు. దిగులు ముదిరి తిండి సహించక, నిద్ర పట్టక రెండు వారాలు దాటినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది గర్భసంచి గురించి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇందులో మనమే ముందున్నాం. తెల్లబట్టకు, నడుమునొప్పికి, ముట్టు ఎక్కువైనందుకు, "పిల్లలు పుట్టేశారు కదా, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాటకు తీయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో కనబడతారు. ఆ ఒక్క మాట మనిషిని ఎంత తొందరపెడుతుందో పైన చెప్పుకున్న ఆ రాత్రి గడిపినవాళ్లకు తెలుసు. అక్కర్లేని ఈ ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలన్నీ కేంద్ర మార్గదర్శకాలు పాటించాలని ఆదేశించింది.

స్మియర్‌లో తేడా వచ్చిందని, బయాప్సీ కూడా చేయకుండా గర్భసంచి తీసేయడం రెండు విధాల నష్టం. అక్కడ ఏమీ లేకపోతే అవయవం వృథాగా పోయింది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్లకే ముట్లుడిగి ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. ఒకవేళ నిజంగానే క్యాన్సర్ దాగి ఉంటే మామూలు గర్భసంచి ఆపరేషన్ దానికి సరిపోదు, తర్వాతి చికిత్స చిక్కుల్లో పడుతుంది. అందుకే "వెంటనే తీసేద్దాం, రేపే అడ్మిట్ అవ్వండి" అని ఎవరన్నా తొందరపెడితే, బయాప్సీ ఏం చెప్పిందండీ అని అడగాలి. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనం దిమ్మె అడిగి తెచ్చుకుని ఇంకో ఆసుపత్రిలో చూపించుకునే హక్కు మనకుంది. తిరుపతిలో ఉన్నవాళ్లకు స్విమ్స్, టాటా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఆటో దూరంలోనే ఉన్నాయి.

నిజంగా చికిత్స కావాల్సిన మార్పులకు కూడా ఎక్కువసార్లు చిన్న పనే చేస్తారు. మచ్చ ఉన్న చోట వేడితోనో, చల్లదనంతోనో ఆ పొరను మాడ్చేస్తారు. కొంచెం పెద్దదైతే ముఖద్వారానికి మత్తు సూది వేసి, కరెంటు తీగ చుట్టతో ఆ భాగం వరకు తీసేస్తారు. దాన్ని లీప్ అంటారు. చాలామంది ఆ రోజే ఇంటికి పోతారు. ఓ నెల రోజులు నీళ్లలా స్రావం అవుతుంది, బరువులు ఎత్తడం, కలయిక వద్దంటారు. గర్భసంచి అలాగే ఉంటుంది, కాన్పుకు అడ్డం లేదు. లీప్ తర్వాత నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం కొద్దిగా పెరుగుతుంది కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. చికిత్స అయిపోయాక ఏడాదికి మళ్లీ పరీక్ష ఉంటుంది. బాగైపోయిందిగా అని దాన్ని ఎగ్గొట్టకూడదు.

ఇప్పటిదాకా చెప్పిన నిదానమంతా ఏ బాధా లేకుండా పరీక్షలో తేడా వచ్చినవాళ్ల కోసం. కలయిక తర్వాత రక్తం పడుతున్నా, ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడినా, దుర్వాసనతో రక్తం కలిసిన స్రావం అవుతున్నా రిపోర్టు కోసం, శిబిరం కోసం చూడొద్దు. పోయినసారి పరీక్ష బాగుందని కూడా ఆగొద్దు. ఆ వారంలోనే గైనిక్ ఓపీకి పోవాలి.